పరదేశిని పొరుగువాణ్ణి చేసిన సంత



కొత్త ప్రాంతం చేరిన సేద్యగాడికి పంట పండించడం ఒక ఎత్తు, దానిని అమ్ముకోవడం ఒక ఎత్తు. భాష రాదు, ఎరిగిన షావుకారు లేడు. అటువంటివాడికి ఊరుమ్మడి సంత ఎట్లా అక్కరకు వస్తుందో చూతాము.

అమెరికా పడమటి తీరాన సియాటిల్ పట్టణం వున్నది. 1906, 1907 సంవత్సరాలలో అక్కడ ఉల్లిగడ్డల ధర పది రెట్లు పెరిగింది. కొనేవారు అంత ఇచ్చినా రైతుకు దక్కింది కొంచెమే. తక్కినది దళారుల పాలు. అప్పుడు పురపాలకులు పైక్ ప్లేస్ అనే వీధిని రైతుల బండ్లకు వదిలిపెట్టారు. 1907 ఆగస్టు 17న వచ్చిన బండ్లు కొద్దే. మధ్యాహ్నం కాకముందే సరుకంతా చెల్లిపోయింది.

ఆ సంతలో అమ్మినవారిలో జపాను, ఇటలీ దేశాలనుంచి వలస వచ్చినవారు ఎందరో. కొట్టు కట్టుకొనే పెట్టుబడి అక్కరలేదు. అమ్మకపు బల్లకు రోజువారీ ఆశీలు చెల్లిస్తే చాలు. బేరమాడుతూనే భాష పట్టుబడింది. వారం వారం తన వద్దనే కూరలు కొనే ఇల్లాలికి ఆ రైతు ఇక పరాయివాడెట్లా అవుతాడు?

అయితే సంత ఒక్కటే చాలదు సుమా! వలస వచ్చిన జపానువారు భూమి కొనరాదనీ, కౌలుకూ తీసుకోరాదనీ 1921లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. 1942లో, యుద్ధకాలంలో, ప్రభుత్వం జపాను కుటుంబాలను నిర్బంధ శిబిరాలకు తరలించింది. రైతుల బల్లలలో సగానికి పైగా వారివే, అవి బోసిపోయినవి. తిరిగి ఆ సంతకు వచ్చినవారు కొద్దిమందే.

1980 తరువాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మోంగ్ రైతుల వంతు వచ్చింది. అక్కడి విస్తరణ ఉద్యోగులు వారికి సాగునేల చూపి, ఆ శీతోష్ణానికి తగిన పైర్లు నేర్పి, సంతకు తోవ చూపారు. నేడు అక్కడ పూలగుత్తులు అమ్మేవారిలో చాలామంది హ్మోంగ్ కుటుంబాలవారే.

దళారి లేని అమ్మకం కోసమే మనకూ 1999లో రైతుబజార్లు వచ్చినవి. విస్తరణ ఉద్యోగులారా! మీ ప్రాంతానికి వలస వచ్చి కౌలుసేద్యం చేసే కుటుంబం వున్నదేమో కనుక్కోండి. గుర్తింపు కార్డుకు ఏ కాగితాలు కావాలో చెప్పండి, దరఖాస్తు వ్రాయించండి, మొదటి రోజు బజారులో వారి పక్కన కాసేపు నిలబడండి. పండించడం వారికి తెలుసు. బజారులో చోటు దొరికేదాకా తోడు నిలవడం మన పని.