మెయిల్ మెర్జ్ అనుసంధాన లోపాలు

వర్డ్ ప్రాసెసరులో తయారుచేసిన ఒకే నమూనా లేఖలో డేటాబేసునందలి పేర్లు, చిరునామాలు, తేదీలు, మొత్తాలు మొదలైన వివరాలను చేర్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతిని తయారుచేసే విధానాన్ని మెయిల్ మెర్జ్ అంటారు. నమూనా లేఖకు, డేటాబేసుకు మధ్య గల లంకె తెగిపోవడం వలన గాని, లంకె ఉండి కూడా సమాచారం వేరొక రూపంలో చేరడం వలన గాని కలిగే ఇబ్బందులే మెయిల్ మెర్జ్ అనుసంధాన లోపాలు. విండోస్ కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ వర్డ్, మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌ల మధ్య ఏర్పడే లోపాలు, వాటి కారణాలు, నివారణ మార్గాలు ఈ వ్యాసంలో ప్రధానంగా వివరించబడినవి.

ఈ లోపాలు రెండు రకాలు. మొదటి రకంలో కంప్యూటరు ఒక దోష సందేశాన్ని చూపి పనిని ఆపివేస్తుంది. రెండవ రకంలో ఏ సందేశమూ రాదు. లేఖలు చక్కగా ముద్రితమవుతాయి, కాని వాటిలో తేదీ తారుమారై ఉండవచ్చు, లేదా కొందరి లేఖలు అసలు తయారు కాకపోవచ్చు. మొదటి రకం వలన పని ఆలస్యమవుతుంది. రెండవ రకం వలన లేఖ అందుకొన్నవారు, అందుకోవలసియుండి అందుకోనివారు నష్టపోతారు. కనుక రెండవ రకం పట్ల ఎక్కువ జాగ్రత్త అవసరం.

నేపథ్యం

మెయిల్ మెర్జ్ విధానం వర్డ్ కంటె పాతది. 1978లో వెలువడిన వర్డ్‌స్టార్ అనే వర్డ్ ప్రాసెసరుకు మెయిల్‌మెర్జ్ అనే అనుబంధ ప్రోగ్రాము ఉండేది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మొదటి వెర్షను 1992 నవంబరులో విడుదలైనది. యాక్సెస్ 2003 వరకు డేటాబేసు ఫైలుకు ఎండీబీ అనే పొడిగింపు ఉండగా, యాక్సెస్ 2007 నుండి ఏసీసీడీబీ అనే కొత్త రూపం వచ్చింది. వర్డ్ 2002 వెర్షనుతో, డేటాబేసును చేరుకొనే పద్ధతి కూడా మారినది. పాత లేఖలు కొత్త కంప్యూటర్లలో వేరుగా ప్రవర్తించడానికి ఈ మార్పులే ముఖ్య కారణం.

లంకె స్వరూపం

నమూనా లేఖలో డేటాబేసు సమాచారం ఉండదు. ఆ సమాచారం ఎక్కడ ఉన్నదో తెలిపే చిరునామా మాత్రమే ఉంటుంది. అందులో డేటాబేసు ఫైలు యొక్క పూర్తి మార్గం, ఫైలులోని పట్టిక లేదా క్వెరీ పేరు, ఏయే రికార్డులను ఏ వరుసలో తీసుకోవలెనో చెప్పే ఎస్‌క్యూఎల్ ఆదేశం ఉంటాయి. లేఖ మధ్యలో కనిపించే మెర్జ్ ఫీల్డులలో ఆయా గడుల పేర్లు మాత్రమే ఉంటాయి.

వర్డ్ మూడు దారులలో యాక్సెస్ సమాచారాన్ని పొందగలదు.

* డీడీఈ: ఈ దారిలో యాక్సెస్ ప్రోగ్రామే తెరుచుకొని, సమాచారాన్ని వర్డ్‌కు అందిస్తుంది. వర్డ్ 2000 వరకు ఇదే ప్రధాన దారి.
* ఓఎల్ఈ డీబీ: వర్డ్ 2002 నుండి వర్డ్ తనంతట తాను ఎన్నుకొనే దారి ఇది. యాక్సెస్ తెరుచుకోదు. డేటాబేసు యంత్రం ఒక్కటే పనిచేసి, నిల్వ ఉన్న విలువలను ముడిరూపంలో పంపుతుంది.
* ఓడీబీసీ: వివిధ సంస్థల డేటాబేసులను ఒకే తీరున చేరుకొనేందుకు ఏర్పడిన సాధారణ దారి.

వర్డ్ 2007, ఆ తరువాతి వెర్షన్లలో ఐచ్ఛికాలలోని 'అడ్వాన్స్‌డ్' విభాగంలో, ఫైలు తెరిచేటపుడు రూప మార్పిడిని ధ్రువీకరించమని అడిగే గడిలో టిక్కు పెడితే, లంకె ఏర్పరచే సమయంలో ఈ దారులలో ఒకదానిని ఎన్నుకొనే అవకాశం కలుగుతుంది. భద్రత దృష్ట్యా 2017 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ వర్డ్‌లో డీడీఈ ఫీల్డులు వాటంతట అవి పనిచేయకుండా చేసినది. కనుక కొత్త పనులకు డీడీఈపై ఆధారపడడం మంచిది కాదు.

సందేశంతో బయటపడే లోపాలు

ఫైలు స్థానం మారడం: లేఖలో పూర్తి మార్గం నిల్వ ఉంటుంది గనుక డేటాబేసును వేరే ఫోల్డరులోకి మార్చినా, ఫైలు పేరు మార్చినా వర్డ్ దానిని కనుగొనలేదు. నెట్‌వర్కులో ఒక కంప్యూటరులో ఒక డ్రైవు అక్షరంతోను, మరొక దానిలో వేరొక అక్షరంతోను అదే ఫోల్డరు కనిపిస్తుంటే, ఒకచోట పనిచేసిన లేఖ మరొకచోట పనిచేయదు. డ్రైవు అక్షరానికి బదులు సర్వరు పేరుతో మొదలయ్యే నెట్‌వర్కు మార్గాన్ని ఉపయోగించి లంకె ఏర్పరిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

గడి పేరు మారడం: పట్టికలో ఒక గడి పేరు మార్చితే, లేఖలోని పాత పేరుకు జోడీ దొరకదు. అప్పుడు వర్డ్ ఆ ఫీల్డును తొలగించమంటారా, మరొక దానితో మార్చమంటారా అని అడుగుతుంది. తొందరపడి తొలగించక, కొత్త పేరును ఎన్నుకొనవలెను.

తాళం పడడం: ఒకరు డేటాబేసును ఏకాంత పద్ధతిలో తెరిచినా, అందులోని ఫారమును డిజైన్ రూపంలో ఉంచి మార్పులు చేస్తున్నా, ఇతరులకు ప్రవేశం దొరకదు. ఎండీబీ ఫైలుకు ఎల్‌డీబీ, ఏసీసీడీబీ ఫైలుకు ఎల్ఏసీసీడీబీ అనే తాళం ఫైళ్ళు అదే ఫోల్డరులో ఏర్పడతాయి. కంప్యూటరు అర్ధాంతరంగా ఆగిపోయినపుడు ఈ ఫైలు మిగిలిపోవచ్చును. డేటాబేసును ఎవరూ వాడడం లేదని నిర్ధారించుకొన్న తరువాతనే దానిని తొలగించవలెను.

ఫైలు మరీ పాతది కావడం: యాక్సెస్ 97 రూపంలోని ఫైళ్ళను యాక్సెస్ 2013, ఆపై వెర్షన్లు తెరవలేవు. అట్టి ఫైలును ముందుగా యాక్సెస్ 2010 లేదా అంతకు ముందరి వెర్షనులో మార్చుకొనవలెను.

32, 64 బిట్ల భేదం: ఆఫీస్ 2010 నుండి 64 బిట్ల వెర్షను కూడా లభిస్తున్నది. వర్డ్ ఒక రకం, డేటాబేసు డ్రైవరు మరొక రకం అయితే లంకె ఏర్పడదు. రెండూ ఒకే రకానివై ఉండవలెను.

ఎస్‌క్యూఎల్ హెచ్చరిక: లంకె గల లేఖను తెరిచినపుడు, ఒక ఎస్‌క్యూఎల్ ఆదేశం నడపబడుతుందని వర్డ్ హెచ్చరిస్తుంది. ఇది లోపం కాదు, భద్రతా ఏర్పాటు. 'కాదు' అని సమాధానమిస్తే లేఖ లంకె లేకుండా తెరుచుకొంటుంది. తెలియనివారు పంపిన లేఖ విషయంలో 'కాదు' అనడమే సరైనది.

సందేశం రాని లోపాలు

తేదీలు: యాక్సెస్‌లో తేదీ ఎట్లు కనిపించవలెనని నిర్ణయించినా, ఓఎల్ఈ డీబీ దారిలో ఆ అలంకరణ రాదు. తేదీ సాధారణంగా అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తరువాత వస్తుంది. 2007 ఆగస్టు 5వ తేదీ 8/5/2007 అని ముద్రితమైతే, భారతదేశంలోని పాఠకుడు దానిని మే 8 అని చదువుకొంటాడు. రుసుము గడువో, పరీక్ష తేదీయో అయితే ఫలితం ఊహించదగినదే. రోజు పన్నెండు దాటినపుడు తప్పు ఇట్టే తెలిసిపోతుంది. పన్నెండు లోపు అయితే ఎవరికీ అనుమానం రాదు.

దీనికి రెండు పరిష్కారాలు కలవు. మొదటిది, వర్డ్‌లో ఆల్ట్, ఎఫ్9 కీలను కలిపి నొక్కి ఫీల్డు సంకేతాన్ని చూసి, గడి పేరు తరువాత వెనుకకు వాలిన గీతను, @ గుర్తును, కొటేషన్ గుర్తుల నడుమ తేదీ రూపాన్ని చేర్చడం. ఈ రూపంలో నెలకు పెద్దబడి 'ఎమ్' వాడవలెను. చిన్నబడి 'ఎమ్' నిమిషాలను సూచిస్తుంది. రెండవది, యాక్సెస్ క్వెరీలోనే 'ఫార్మాట్' ఫంక్షనుతో తేదీని పాఠ్యంగా మార్చడం. లేఖ ఏ దారిలో సమాచారం తీసుకొన్నా రూపం మారదు గనుక రెండవ పద్ధతి నమ్మదగినది.

సంఖ్యలు: 82.3 వంటి దశాంశ సంఖ్య లేఖలో 82.299999999999997 అని కనిపించడం కలదు. కంప్యూటరు దశాంశాలను ద్విసంఖ్యామానంలో నిల్వ చేయడమే దీనికి కారణం. డేటాబేసులో పొరపాటు లేదు. ఇక్కడ కూడా క్వెరీలో 'ఫార్మాట్' ఫంక్షను గాని, వర్డ్ ఫీల్డులో వెనుకకు వాలిన గీత, # గుర్తు, 0.00 అనే రూపం గాని ఉపయోగపడతాయి.

రికార్డులు తగ్గడం: దీనికి పలు కారణాలు కలవు.

* యాక్సెస్ క్వెరీలో 'లైక్' షరతుతో * గుర్తును వాడతారు. ఓఎల్ఈ డీబీ దారిలో ఆ స్థానంలో % గుర్తు మాత్రమే పనిచేస్తుంది. అందుచేత యాక్సెస్‌లో వందలాది పేర్లు చూపే క్వెరీ వర్డ్‌లో ఒక్క పేరూ చూపకపోవచ్చు.
* నడిచే సమయంలో విలువను అడిగే పారామీటరు క్వెరీలు వర్డ్ జాబితాలో కనిపించవు. వాడుకరి స్వయంగా రాసిన ఫంక్షన్లు, యాక్సెస్ సొంత ఫంక్షనైన 'ఎన్‌జెడ్' గల క్వెరీలు విఫలమవుతాయి. యాక్సెస్ తెరుచుకోకపోవడమే కారణం. అట్టి క్వెరీ ఫలితాన్ని ముందుగా ఒక పట్టికలో నిల్వ చేసి, లేఖను ఆ పట్టికకు కలపవలెను.
* గతంలో గ్రహీతల జాబితాపై పెట్టిన వడపోత లేఖలోనే నిలిచి ఉంటుంది. తరువాత చేర్చిన రికార్డులు ఆ షరతుకు లోబడకపోతే వారికి లేఖలు తయారు కావు.
* ఫారములో దిద్దుతున్న రికార్డు నిల్వ కాకముందే లేఖలు తయారుచేస్తే పాత వివరమే ముద్రితమవుతుంది. షిఫ్ట్, ఎంటర్ కీలను కలిపి నొక్కితే రికార్డు నిల్వ అవుతుంది.

పాఠ్యం తెగిపోవడం: పొడవైన పాఠ్యం గల మెమో గడిని, ఒకే విలువలను తొలగించే లేదా సమూహపరచే క్వెరీలో చేర్చితే యాక్సెస్ 255 అక్షరాల వద్ద దానిని కత్తిరిస్తుంది. ఆ గడిని వేరే క్వెరీ ద్వారా చేర్చుకొనవలెను.

తెలుగు సమాచారం విషయంలో

యాక్సెస్ 2000 నుండి యూనికోడ్ పాఠ్యాన్ని నిల్వ చేయగలదు. ఓఎల్ఈ డీబీ దారిలో తెలుగు పేర్లు సక్రమంగా చేరతాయి. డీడీఈ దారిలో మాత్రం తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి.

అను వంటి యూనికోడేతర ఫాంట్లతో నింపిన పాత పట్టికలలో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఇతర సంకేతాలే తెలుగు ఆకారంలో కనిపిస్తుంటాయి. లేఖలోని మెర్జ్ ఫీల్డుకు అదే ఫాంటును వర్తింపజేయకపోతే పేర్ల స్థానంలో అర్థంలేని గుర్తులు ముద్రితమవుతాయి. అట్టి పట్టికలో తెలుగు అకారాది క్రమం కూడా సరిగా రాదు. సమాచారాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవడమే శాశ్వత పరిష్కారం.

లోపాన్ని కనుగొనే క్రమం

# ముందుగా లేఖ, డేటాబేసు రెండింటికీ నకళ్ళు తీసుకొనవలెను.
# యాక్సెస్‌లో క్వెరీని విడిగా తెరిచి రికార్డుల సంఖ్యను రాసుకొనవలెను. ఇక్కడే తప్పు ఉంటే వర్డ్‌లో వెదకి ప్రయోజనం లేదు.
# కొత్త ఖాళీ పత్రాన్ని అదే క్వెరీకి కలిపి చూడవలెను. ఖాళీ పత్రం కలిసి, పాత లేఖ కలవకపోతే లోపం లేఖలోని చిరునామాలో ఉన్నదని అర్థం. అప్పుడు పాత లేఖను సాధారణ వర్డ్ పత్రంగా మార్చి, తిరిగి లంకె ఏర్పరచవలెను. మెర్జ్ ఫీల్డులు యథాతథంగా ఉంటాయి.
# వర్డ్‌లోని గ్రహీతల సంఖ్యను ముందు రాసుకొన్న సంఖ్యతో పోల్చవలెను.
# మొదటి, చివరి రికార్డులతో పాటు, పన్నెండు లోపు తేదీ గల ఒక రికార్డును, దశాంశం గల ఒక రికార్డును సరిచూడవలెను.
# నేరుగా ప్రింటరుకు పంపక, ఫలితాన్ని కొత్త పత్రంగా తయారుచేసి, చదివిన తరువాతనే ముద్రించవలెను.

ఇతర సాఫ్ట్‌వేర్లలో

2005లో వెలువడిన ఓపెనాఫీస్.ఆర్గ్ 2.0 లో బేస్ అనే డేటాబేసు చేరినది. ఇందులోను, 2010లో దీని నుండి ఏర్పడిన లిబ్రెఆఫీస్‌లోను రైటర్ పత్రం ఫైలు మార్గాన్ని గాక, నమోదైన డేటాబేసు పేరును గుర్తుంచుకొంటుంది. పత్రాన్ని వేరొక కంప్యూటరుకు తీసుకొనిపోయినపుడు అక్కడ కూడా డేటాబేసును అదే పేరుతో నమోదు చేయవలెను. పేరు వేరైతే సవరణ మెనూలోని డేటాబేసు మార్పిడి సౌకర్యంతో కొత్త పేరును కలుపవచ్చును.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* మైక్రోసాఫ్ట్ ఆఫీస్
* లిబ్రెఆఫీస్
* యూనికోడ్