పాత బండికి తగిన బోల్టు

ఒక పాత వస్తువును బాగుచేయడం వేరు, దానికి పూర్వరూపాన్ని తిరిగి కల్పించడం వేరు. మొదటి పనిలో అది మళ్ళీ పనిచేస్తే చాలును. రెండవ పనిలో అది ఏ కాలానికి చెందినదో ఆ కాలపు సాక్ష్యం కూడా చెడకూడదు. ఈ భేదం పెద్ద భాగాలలోకంటె బోల్టు, నట్టు, మరమేకు వంటి చిన్న సామానులోనే ఎక్కువగా బయటపడుతుంది. తెలుగు పాఠాలు చెప్పేవారికి ఇనుప సామానుతో పనియేమని మా విద్యార్థులు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు చివర సమాధానం చెప్పగలము.

ఉదాహరణకు ఒక చిన్న ట్రెయిలరును తీసుకొందాము. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ పట్టణంలో అమెరికన్ బాంటమ్ అనే కంపెనీ ఉండేది. జీపు బండి తొలి నమూనాను తయారుచేసి 1940 సెప్టెంబరు 23న సైన్యానికి అప్పగించినది ఆ కంపెనీయే. కాని పెద్ద ఎత్తున జీపులు తయారుచేసే అవకాశం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కింది. బాంటమ్‌కు మిగిలినది జీపు వెనుక తగిలించే రెండు చక్రాల ట్రెయిలరు పని. ఆ ట్రెయిలరు మోయదగిన బరువు 500 పౌన్లు, అనగా సుమారు 227 కిలోలు. నీరు చొరకుండా నిర్మించినందున వాగులు దాటేటప్పుడు అది పడవవలె తేలుతుంది. దాని టైర్లు జీపు టైర్ల కొలతవే కనుక ఒకదాని చక్రం మరొకదానికి పనికివస్తుంది.

యుద్ధానంతరం ఈ ట్రెయిలర్లు ఎన్నో రైతుల చేతికి చేరాయి. నేడు వాటిని ఔత్సాహికులు వెదకి తెచ్చి పూర్వరూపంలో నిలుపుతున్నారు. వంగిన రేకును సరిచేయవచ్చును, చిరిగిన చోట అతుకు వేయవచ్చును. చిక్కంతా బోల్టులతోనే. ఎనభై ఏండ్లలో బండి ఎన్ని చేతులు మారిందో అన్ని రకాల బోల్టులు దానిలో చేరి ఉంటాయి. ఏది మొదటిది, ఏది తరువాత వచ్చినది అన్నదే తొలి ప్రశ్న.

అందువలన మొదటి నియమం: విరిగినదైనా, తుప్పుపట్టినదైనా పాత బోల్టును పారవేయరాదు. అది ఏ చోటిదో చీటీ వ్రాసి, ఒక్కొక్కదానిని వేరువేరు సంచిలో ఉంచాలి. తరువాత దాని లావు, పొడవు, తల వెడల్పు కొలవాలి. ఒక అంగుళం పొడవులో ఎన్ని మరచుట్లు ఉన్నాయో లెక్కించాలి. అన్నిటిలోకి ముఖ్యమైనది ఈ చివరి లెక్క.

దీని వెనుక కొంత చరిత్ర ఉన్నది. పూర్వం ప్రతి కార్ఖానా తనకు తోచినట్లు మరలు కోసుకొనేది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అందరికీ ఒకే పద్ధతిని ప్రతిపాదించాడు. ఆయన మరల కోణం 55 డిగ్రీలు, అంచులు గుండ్రన. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ మరొక పద్ధతి చూపాడు. అందులో కోణం 60 డిగ్రీలు, అంచులు చదును. చాలా కొలతలలో రెండు పద్ధతుల చుట్ల సంఖ్య ఒక్కటే. కాని అర అంగుళం బోల్టుకు విట్‌వర్త్ పద్ధతిలో అంగుళానికి 12 చుట్లు, అమెరికా పద్ధతిలో 13. కంటికి రెండూ ఒక్కటిగానే కనిపిస్తాయి. రెండవ ప్రపంచయుద్ధంలో ఈ భేదం వలన కలిగిన చిక్కులు చూసిన పిమ్మట, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలు ఒకే మర పద్ధతికి ఒప్పుకొన్నాయి.

మన దేశపు బజారులో ఈ చిక్కు మరింత ముదిరింది. ఆంగ్లేయుల యంత్రాలతో విట్‌వర్త్ మరలు వచ్చాయి. 1947 తరువాత ఇక్కడ జీపుల కూర్పు మొదలై అమెరికా మరలు చేరాయి. 1956 నాటి తూనికలు కొలతల చట్టం పిమ్మట క్రమంగా మెట్రిక్ మరలు వచ్చాయి. మూడూ ఒకే దుకాణంలో ఒకే డబ్బాలో కలిసి ఉండడం మేము చూచినదే.

ఆ కలగలుపు ఫలితాన్ని మా ఇంటనే అనుభవించాము. మా మేనమామగారి బావి వద్ద ఒక పాత బ్రిటిష్ ఆయిలింజను ఉండేది. దాని దిమ్మె బోల్టుకు నట్టు పోతే బజారునుండి అర అంగుళం నట్టు తెప్పించారు. అది రెండు చుట్లు హాయిగా ఎక్కి, ఆపై బిగుసుకుంది. మిస్త్రీ పానాకు గొట్టం తగిలించి బలవంతంగా తిప్పాడు. గట్టిగా పట్టిందని అందరమూ సంతోషించాము. నిజానికి మరచుట్లు నలిగిపోయాయి. కొన్ని నెలలకు ఇంజను నడుస్తుండగానే నట్టు ఊడి, ఇంజను ఒరిగి ఆయన మోకాలి మీద పడింది. ఆ కాలు ఈనాటికీ సరిగా మడవదు. నట్టు చేతితోనే చివరివరకు ఎక్కాలి. పానా బిగించడానికే గాని ఎక్కించడానికి కాదు. ఈ ఒక్క మాట ఆనాడు మాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఇక కాలాన్ని గుర్తించే ఆనవాళ్ళు. బోల్టు తల మీద 8.8 అనే అంకె ఉంటే అది మెట్రిక్ బోల్టు. 1943 నాటి అమెరికా ట్రెయిలరుకు అది పరాయిది. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు కనుక 8 మిల్లీమీటర్లది దాని వలెనే కనిపించి మోసగిస్తుంది. ఫోర్డ్ కంపెనీ తన జీపుల బోల్టుల తలలపై కూడా ‘ఎఫ్’ అక్షరం ముద్రించేది. ప్లస్ గుర్తు గాడి ఉన్న మరమేకును చూడగానే కొత్తదని త్రోసివేయరాదు. హెన్రీ ఫిలిప్స్ దానికి పేటెంట్లు పొందినది 1936లోనే.

సరియైన బోల్టు దొరికే చోట్లు నాలుగు. బాగుచేయ వీలులేని అదే కాలపు మరొక బండి మొదటిది. అమ్ముడుపోని పాత సరుకు నిలువ ఉన్న దుకాణం రెండవది. పాత నమూనా ప్రకారం కొత్తగా తయారుచేసి అమ్మేవారు మూడవది. ఏదీ కుదరనప్పుడు లేతు మీద తీయించుకోవడం నాలుగవది. పట్టుకుపోయిన బోల్టుకు నూనె పోసి ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. తొందరపడి మంట పెట్టరాదు. పాత బోల్టులలో కొన్నిటికి కాడ్మియం పూత ఉంటుంది. వేడికి దాని పొగ విషమవుతుంది.

అయితే పాతదన్న మోజు ప్రాణం మీదికి తేరాదు. జీపు కొక్కేనికి తగిలే ఇనుప కడియాన్ని, ఇరుసును, కమాను పట్టీలను పట్టి ఉంచే బోల్టులు తెగితే వెనుక వచ్చేవారికి ముప్పు. అక్కడ అదే కొలత, అదే మరచుట్టు గల కొత్త గట్టి ఉక్కు బోల్టులనే వాడాలి. ఒకసారి వంచి తీసిన కాటరు పిన్నును మళ్ళీ వాడరాదు. బరువు మోయని చోట్ల మాత్రమే పాతవాటిని నిలపాలి. కొత్తగా వేసినవాటి వివరం సంవత్సరంతో సహా ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. లేకుంటే రేపు చూచేవాడు మన బోల్టును 1943 నాటిదని భ్రమపడతాడు.

ఇప్పుడు విద్యార్థుల ప్రశ్నకు వద్దాము. తాళపత్ర గ్రంథంలో చెదలు తిన్న చోట పరిష్కర్త ఒక పదాన్ని పూరించవలసి వస్తుంది. ఆ పదం గణానికి సరిపోవచ్చును, యతికి కుదరవచ్చును. కాని కవి కాలానికి లేని పదమైతే అది రెండు చుట్లు ఎక్కి బిగుసుకున్న నట్టు వంటిదే. నిజాయితీ గల పరిష్కర్త తగిన పదం దొరికేవరకు వెదకుతాడు. దొరకకపోతే తన ఊహను ఊహగానే గుర్తుపెట్టి వదలుతాడు. పాఠ పరిష్కరణం బోధించే రోజున మేము తరగతికి తీసుకువెళ్ళేది ఒక నలిగిన నట్టును. అది మా మేనమామగారి ఇంజనుది.