బంతియాటలో మనవారి యోటమి

ఆటల సంగతి ఆడువారి పత్రికకేల యని మీలో కొందరనుకొనవచ్చును. కాని బిడ్డ మైదానమునకు పోవలయునన్న మొదట దాటవలసినది మన గడపయే. పొమ్మనువారమును మనమే, వలదనువారమును మనమే. కావున ఈ విషయము మనకును సంబంధించినదే యని తలచి వ్రాయుచున్నాము.

2024 జనవరిలో ఖతరు దేశమున ఆసియా కప్పు ఫుట్‌బాలు పోటీలు జరిగెను. 24 దేశములవారు వచ్చిరి. మన జట్టు మూడాటలాడి మూడింటను ఓడెను. ఆస్ట్రేలియాతో 0–2, ఉజ్బెకిస్తానుతో 0–3, సిరియాతో 0–1. ఒక్కొక్క యాట 90 నిమిషములు. మొత్తము 270 నిమిషములలో మనవారు ఒక్క గోలైనను చేయజాలకపోయిరి. ప్రపంచపు వరుసలో 102వ స్థానమున నుండినవారు పోటీల పిమ్మట 117కు దిగిరి.

ఆస్ట్రేలియా బలమైన జట్టు. దానిచేత ఓడుట అంత చిన్నతనము కాదు. సగము ఆట ముగియువరకు మనవారు వారిని నిలువరించిరి గూడ. మాకు ఎక్కువ బాధ కలిగించినది అటుపిమ్మటి కథ. 2027 ఆసియా కప్పునకు అర్హత సంపాదించుటకై బంగ్లాదేశము, హాంగుకాంగు, సింగపూరులతో ఆడవలసివచ్చెను. 2025 మార్చిలో షిల్లాంగున బంగ్లాదేశముతో గోలు లేని సరిపాటు. జూనులో హాంగుకాంగు చేతిలో 0–1. అక్టోబరులో సింగపూరుతో అక్కడ 1–1, మరల ఐదు దినములకు మన గోవాలోనే 1–2. దానితో ఆశ యుడిగెను. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశము చేతను 0–1తో ఓడిరి. నూటనలుబది కోట్ల ప్రజ గల దేశము, మన యొక్క పెద్ద నగరమంత జనములేని సింగపూరు ముందు తల వంచెను. జనసంఖ్య యొక్కటియే బలమైనచో చీమలపుట్టయే రాజ్యమేలవలసినది గదా!

ఇది మన జాతి లక్షణమనియు, మన దేహములకీ యాట సరిపడదనియు చెప్పువారున్నారు. ఆ మాట మే మొప్పుకొనము. ఏలన ఒకానొక కాలమున ఆసియా ఖండమున కెల్ల మనవారే మొదటివారు. అందును హైదరాబాదువారి పాలు మిక్కిలి గొప్పది.

ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. హైదరాబాదువారు, వృత్తిచే బడిపంతులు. మా యింటివారును ఉపాధ్యాయులే గనుక ఈ కథ మాకు మరింత ప్రీతి. రహీముగారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, తరువాత భారత జట్టునకును శిక్షకులైరి. వారి పద్ధతి యచ్చముగా బడిపంతులు పద్ధతియే. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలయునని ఒక పోటీ, బంతిని తనయొద్ద నట్టేయుంచుకొనక వెంటనే తోడివానికి అందింపవలయునని మరియొక పోటీ పెట్టి నేర్పెడువారట. రానిదానినే మరల మరల దిద్దించుట యన్నమాట.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1–0తో గెలిచి స్వర్ణపతకము పొందిరి. మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేత 1–10తో ఓడిరి. నాడు మనవారిలో కొందరు బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. 2024 నాటి యోటమి దీని ముందు ఏపాటిది? కాని ఆ యోటమిని రహీముగారు పాఠముగా చదివిరి. బూట్లు తప్పనిసరి యయ్యెను. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్ను ఒలింపిక్సున ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2తో ఓడించి నాలుగవ స్థానమున నిలిచిరి. ఖతరులో మనలను ఓడించిన ఆస్ట్రేలియాయే సుమా!

1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి యాటయే దక్షిణకొరియాతో 0–2గా పోయెను. తుదియాట మరల వారితోనే పడెను. చూడవచ్చిన లక్షమంది మనకు ప్రతికూలురు. తలకు కుట్లు పడిన జర్నయిల్‌సింగును, వెనుక కాచువాడైనను, రహీముగారు ముందు వరుసకు పంపిరి. అతడొక గోలు చేసెను. 2–1తో స్వర్ణము మనదయ్యెను. అప్పటికే రహీముగారిని పుట్టకురుపు వ్యాధి తినివేయుచుండెను. 1963 జూన్ 11న వారు గతించిరి. ఆసియా క్రీడలలో ఈ యాటకు స్వర్ణము మన కటుతరువాత రాలేదు.

ఆ జట్టులోని తులసీదాసు బలరాముగారు సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన పేదయింటి బిడ్డ. నగరమునకు వచ్చి ఆడుటకు దారిఖర్చు లేదనగా, సైకిలు బాడుగకు రహీముగారే డబ్బిచ్చిరని చెప్పుదురు. ఒక పంతులిచ్చిన సైకిలు బాడుగ దేశమున కెంత లాభము తెచ్చెనో చూడుడు. బలరాముగారు 2023 ఫిబ్రవరిలో గతించిరి.

మరి యిప్పుడేమి లోపము? డబ్బు లేకపోలేదు. 2014 నుండి పెద్ద పెద్ద క్లబ్బులతో ఇండియన్ సూపర్ లీగు నడచుచున్నది. 2025లో మాత్రము ఒప్పందపు తగవుచే అది వేళకు ప్రారంభమే కాలేదు. చిక్కు మరియొకచోట నున్నది. జట్టునకు నలుగురు పరదేశీయులు మైదానమున నుండవచ్చుననిరి; క్లబ్బులవారు గోలు చేయవలసిన ముందుచోటును చాలవరకు వారికే యిచ్చిరి. ఏండ్లతరబడి వంట వంటమనిషిచేతనే చేయించి, పండుగనాడు కోడలిని పిలిచి నూరుమందికి వండుమన్న నామె యేమి చేయును? సునీల్ ఛేత్రీ 2024 జూనులో విరమించుకొనియు, నలుబదియేండ్ల ప్రాయమున 2025 మార్చిలో మరల రావలసివచ్చెనన్న, ఆ చోటున మరియొకరు తయారు కాలేదనియే గదా యర్థము!

ఇంక మా యవుకు మాట. మాది నాపరాళ్ల సీమ. సెలవు వచ్చిన మగపిల్లలందరు క్రికెట్టు కఱ్ఱ పట్టుదురు. ఫుట్‌బాలు తెలిసినవారు బహు తక్కువ. ఆడపిల్లల సంగతి చెప్పనే యక్కరలేదు. పండ్రెండేండ్లు రాగానే పరుగు మానుమందుము.

కాని ఆడపిల్లలేమి చేసిరో వినుడు. మగవారు తడబడుచున్న ఆ 2025లోనే, జులై 5న, థాయిలాండు దేశపు చియాంగుమాయిలో మన స్త్రీల జట్టు ఆ దేశమువారిని వారి యింటనే 2–1తో ఓడించి, 2026 ఆసియా కప్పునకు అర్హత సంపాదించెను. అర్హతపోటీలాడి ఆ కప్పునకు చేరుట మన స్త్రీలకదియే మొదటిసారి. రెండు గోలులును సంగీతా బాస్ఫోర్ చేసినవే. భారత జట్టున ఆడిన గుగులోతు సౌమ్య నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన మన తెలుగుపిల్ల. 2022లో క్రొయేషియాలోని జాగ్రెబు క్లబ్బువరకు వెళ్లి ఆడివచ్చినది.

మా రెండవ యమ్మాయికి పదమూడేండ్లు. బడిలో బంతి తన్నుట నేర్చుకొని, ప్రతిదిన మాడెదనని పట్టుబట్టినది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు కాలువిరిగిన పెండ్లి యెట్లని బెదరించిరి. మా యత్తగారికి మొదట నచ్చలేదు. మేము సౌమ్య సంగతియు, తండా సంగతియు చదివి వినిపించితిమి. కొంతతడవు మాటలాడక వక్క కొరుకుచు కూర్చుండిరి. పిదప, “ఆ యాట యెంతసేపే? దీపముపెట్టు వేళకు ఇల్లు చేరునా?” అని యడిగిరి. తొంబది నిమిషములే యత్తమ్మా యని చెప్పితిమి.