ధనుర్మాసపు ఉదయాన మన వీధి

నిత్యము కంటబడు దానిని మనము తరచుగా చూడనే చూడము. డిసెంబరు 16 ప్రాంతమున ధనుర్మాసము ప్రవేశించి సంక్రాంతితో ముగియును. ఈ దినములలో తెల్లవారుజామున విజయవాడలో ఏలూరు కాలువ గట్టునుండి ఇంటి వీధివరకు నడచువారికి ఏటేట అవే దృశ్యములు ఎదురగును: చీకటి, మంచు, పొగ, పూలు, ముగ్గులు, హరిదాసు. వీనికి కారణములు తెలిసినచో నడకకు రుచి పెరుగును. ఒక ముఖ్యమైన జాగ్రత్తయు అలవడును.

మొదట చీకటి సంగతి. డిసెంబరు 21 లేక 22వ తేదీన పగలు అత్యల్పము. మన ప్రాంతమున సుమారు 11 గంటలు. అటుపిమ్మట పగలు పెరుగుచున్నను సూర్యోదయము మాత్రము జనవరి మధ్యవరకు ఆలస్యమగుచునే ఉండును. భూమి అక్షము వంగియుండుటచేతను, జనవరి మొదట భూమి సూర్యునికి చేరువగా వచ్చి వేగముగా చరించుటచేతను, గడియారము లెక్కలో నిజమైన మధ్యాహ్నము దినదినము కొన్ని సెకండ్లు వెనుకకు జరుగును. అందుచేత పెరిగిన పగలు మొదట సాయంకాలమునకే చేరును.

ఇక మంచు. ఆకాశము నిర్మలముగా, గాలి నిశ్చలముగా ఉన్న రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. దానిని తాకియున్న గాలియు చల్లబడును. సామాన్యముగా పైకి పోవుకొలది గాలి చల్లనగును. ఇట్టి రాత్రులందు క్రింది గాలి చల్లగాను, పై గాలి వెచ్చగాను ఉండును. దీనిని ఉష్ణోగ్రతా విలోమమందురు. చల్లని గాలి బరువైనది గనుక పైకి లేవదు. అందలి తేమ సన్నని బిందువులై మంచుగా కనబడును. కాలువ నీరు గాలియంత త్వరగా చల్లారదు. కనుకనే దానిపై ఆవిరి పొగవలె లేచును.

ఈ వెచ్చని పొర వీధికి మూతవంటిది. టీ కొట్టు పొయ్యినుండియో, చలిమంటనుండియో లేచిన పొగ ఇంటికప్పు ఎత్తునకు పోయి, అచట ఆగి, చాపవలె పరచుకొనుట ఎవరైనను గమనింపవచ్చును. మంచును నిలిపిన మూతయే పొగనుకూడ నిలిపినది.

పెరటి గోడమీది చేమంతులు, పందిరి చిక్కుడు ఈ ఋతువుననే విరివిగా పూచుట చలివలననే అని పలువురి అభిప్రాయము. ముఖ్యకారణము రాత్రి నిడివి. కొన్ని మొక్కలు పగలు, రాత్రుల నిడివిని బట్టి పూచునని 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నరు, అల్లార్డు పొగాకు మొదలైన మొక్కలపై పరిశోధించి వెల్లడించిరి. గొబ్బెమ్మల తలపై మనము నిలుపు చేమంతి, దీర్ఘరాత్రి ఇచ్చిన కానుక.

వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేసినచో చీమలకు ఆహారమగును. రాతిపొడితో వేసినచో అందము మాత్రమే మిగులును. హరిదాసు తలపై అక్షయపాత్రను దించడు, ఒంగి నిలుచును, పిల్లలు దోసెడు బియ్యము పోయుదురు. అతడు ప్రతిదినము తెల్లవారకమునుపే బయలుదేరును. వాకిలి ఊడ్చు స్త్రీలు, పాలు తెచ్చువారు, పత్రికలు పంచు పిల్లలు కూడ ఆ వేళనే వీధిలో ఉందురు. మూతక్రింది గాలిని అధికముగా పీల్చువారు వీరే.

భోగిమంట సరిగా ఈ వేళకే పడును. ఎండుకట్టెలు, పిడకలు వేసినను కొంత పొగ తప్పదు. టైర్లు, ప్లాస్టికు, రంగు వేసిన చెక్క వేసినచో పుట్టు విషవాయువులు మూత క్రింద, మన ముక్కు ఎత్తుననే చాలసేపు నిలిచియుండును. పొగలో 2.5 మైక్రోమీటర్లకన్న చిన్న రేణువులు ఊపిరితిత్తుల లోతులకు చేరును. ఉబ్బసము గలవారికి, పసివారికి, వృద్ధులకు ఇవి ప్రమాదకరము. పాత వస్తువులను వదిలించుకొనుట భోగి ఆచారమే; ఇట్టి వస్తువులను మాత్రము మంటకు కాక చెత్తబండికి అప్పగించుట మంచిది. మంట చిన్నదైనను పండుగకు లోటు రాదు.

ప్రొద్దెక్కిన ఒకటి రెండు గంటలకు నేల వెచ్చబడి, గాలి పైకి లేచి, ఈ మూత తొలగును. కనుక పొగ ఇంటికప్పుల ఎత్తున చాపవలె పరచుకొని కనబడిన ఉదయమున, వృద్ధులును ఉబ్బసము గలవారును ఎండ కాచిన పిదపనే నడకకు బయలుదేరుట మేలు.