వెయ్యి గంటలకే ఆరిపోవాలట!

1924 డిసెంబరులో ఓస్రామ్, ఫిలిప్స్ సహా పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో కూడబలుక్కున్నాయి. అప్పటికి పదిహేను వందల గంటలు, కొన్నయితే రెండు వేల గంటలు వెలిగే బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు దించాలని ఒప్పందం. ఫీబస్ అని పేరు పెట్టుకున్న ఈ కూటమి సభ్యుల బల్బులను స్విట్జర్లాండులో పరీక్షించేది. గడువు మించి వెలిగితే జరిమానా! ఆయుష్షు పెరిగితే అదే కరెంటుకు వెలుతురు తగ్గుతుందన్నది వాళ్ల వాదన. అది నిజమే. కానీ ఎక్కువ వెలుగు కావాలో, ఎక్కువ కాలం కావాలో తేల్చుకోవలసింది డబ్బు పెట్టి కొనేవాడు కదా!

కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్లో 1901 నాటి బల్బు ఒకటి ఈనాటికీ వెలుగుతోంది. కాకపోతే గుడ్డి వెలుతురు.

ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1932లో, అమెరికాలో బెర్నార్డ్ లండన్ అనే ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు. ప్రతి వస్తువుకూ ప్రభుత్వమే గడువు పెట్టాలి, గడువు తీరాక జనం దాన్ని అప్పగించి కొత్తది కొనాలి, అలా ఫ్యాక్టరీలకు పని దొరుకుతుంది అని ఆయన సలహా. వాడేవాడి ఇష్టాయిష్టాలకు అందులో చోటే లేదు.

పాత ఐఫోన్లు నెమ్మదిస్తున్నాయన్న అనుమానం నిజమేనని 2017 డిసెంబరులో తేలింది. అరిగిన లిథియం బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, దాంతో ఫోన్ టక్కున ఆగిపోతుంది. అలా ఆగకుండా ఆపిల్ ఒక అప్‌డేట్‌తో ప్రాసెసర్ వేగం తగ్గించింది. వాడేవాళ్లకు ఆ సంగతి సరిగా చెప్పలేదు. బ్యాటరీ ఒక్కటి మారిస్తే ఫోన్ మళ్లీ పుంజుకునేది. అది తెలియక, ఫోనే పాతబడిందనుకుని కొత్తది కొంటే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలి? గొడవ ముదిరాక అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దిగింది. విషయం దాచినందుకు ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇప్పటి ఫోన్‌కు బ్యాటరీ మార్చడం రిపేరు షాపులో దగ్గర నుంచి చూడాలి. వెనక అద్దానికి వేడి తగిలించి, జిగురు మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ ముక్కను అంచులో దూర్చి, చుట్టూ మెల్లగా తిప్పుతూ పైకి లేపుతారు. తొందరపడితే అద్దం చిట్లుతుంది. పాత నోకియాకు గోటితో మూత లాగితే చాలు, బ్యాటరీ చేతిలోకి వచ్చేది. కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి నుంచి వాడేవాళ్లే బ్యాటరీ తీసి మార్చుకునేలా పరికరాలు తయారు చేయాలని యూరప్ చట్టం చేసింది.

ఫ్రాన్సులో 2021లో స్మార్ట్‌ఫోన్, ల్యాప్‌టాప్, టీవీలకు రిపేరు ఎంత సులువో పదికి మార్కులు వేసి, ధర పక్కనే చూపించడం మొదలుపెట్టారు.

మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, వారంటీ, సర్వీసు వివరాలన్నీ ఒకేచోట పెట్టాలన్నది ఉద్దేశం. ఫోన్ కొనేముందు అందులో చూడండి. అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో, కొత్త బ్యాటరీ ఎంతవుతుందో షాపులోనే అడగండి. కెమెరా మెగాపిక్సెళ్ల కన్నా, వాయిదాల మీద ఫోన్ కొనేవాళ్లకు ఈ రెండు అంకెలే ఎక్కువ అవసరం.