కారుకి ముక్కుదిబ్బడ పడితే

కారు స్టార్ట్ అవ్వకపోతే మనం మొదట బ్యాటరీని అనుమానిస్తాం, తర్వాత పెట్రోలు ఉందా అని చూస్తాం. గాలి సంగతి ఎవరికీ గుర్తురాదు. నిజానికి ఇంజన్ తిండిలో ఎక్కువ భాగం గాలే. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లెక్క వేసి చూశాను, లీటరు పెట్రోలుకి దగ్గరదగ్గర 9000 లీటర్ల గాలి! అదంతా బానెట్ కింద ఉన్న ప్లాస్టిక్ గొట్టంలోంచి, ఒక కాగితపు ఫిల్టర్‌ దాటి లోపలికి వెళ్ళాలి. మన దగ్గర ఆ ఫిల్టర్‌కి శత్రువు దుమ్ము. చలిదేశాల్లో మంచు.

ఇక్కడ తెలుగుతో చిన్న చిక్కుంది. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, హైవే మీద ముందున్న లారీ కనపడకుండా చేసేదీ మంచే, పాటలో హీరోహీరోయిన్ల మీద పడేదీ మంచే. ఇంజన్‌కి మాత్రం ఏ మంచు అన్నది ముఖ్యం. ఎందుకంటే అది రెండు రకాలుగా ఊపిరి ఆపుతుంది.

మొదటిది పొడిమంచు. మా పెద్దమ్మ కూతురు బఫెలోలో ఎం.ఎస్. చేస్తోంది. ఆ ఊరు ఈరీ సరస్సు ఒడ్డున ఉంటుంది. గడ్డకట్టని సరస్సు మీదుగా వచ్చే చలిగాలి తేమని మోసుకొచ్చి ఊరి మీద మంచుగా కుమ్మరిస్తుంది. పోయిన జనవరిలో అక్క వీడియో కాల్ చేసింది. కారు స్టార్ట్ అవుతోంది, రెండు నిమిషాల్లో దగ్గి ఆగిపోతోంది. పక్కింటి పెద్దాయన వచ్చి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే, లోపల ఫిల్టర్ మడతల నిండా మంచు, ఇడ్లీ ప్లేటులో పిండి పోసినట్టు! రాత్రంతా గాలి కారు ముక్కు వైపు నుంచి వీచి, పిండిలాంటి మంచుని గ్రిల్‌లోంచి లోపలికి తోసేసిందన్నమాట.

రెండోది బయట నుంచి రాదు, లోపలే తయారవుతుంది. గాలి థ్రాటిల్ దగ్గర సన్నని సందులోంచి వేగంగా వెళ్ళేటప్పుడు ఒత్తిడి తగ్గి చల్లబడుతుంది. అందులో తేమ ఉంటే థ్రాటిల్ రేకు అంచున గడ్డకడుతుంది. పాత కార్బురేటర్ ఇంజన్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పెట్రోలు కూడా అక్కడే ఆవిరవుతుంది. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే. అందుకే బయట సున్నా కంటే పైన, ఏ 5 డిగ్రీలో 10 డిగ్రీలో ఉన్నా తేమ ఉంటే చాలు, కార్బురేటర్‌లో ఐస్ పట్టేది. తమాషా ఏంటంటే, ఇంజన్ ఆపి కాసేపు ఆగితే దాని వేడికే ఐస్ కరిగిపోతుంది. మెకానిక్ వచ్చేసరికి బండి బుద్ధిమంతురాలు. ల్యాబ్‌లో సార్‌ని పిలిచి చూపించగానే మాయమయ్యే బగ్ లాంటిదే ఇది.

దీనికి ఇంజనీర్లు పాతకాలంలోనే ఉపాయం కనిపెట్టారు. ఎగ్జాస్ట్ పక్కనుంచి వేడిగాలి తెచ్చే గొట్టం పెట్టి, చలికాలంలో దాన్ని తెరిచేవాళ్ళు. ఇప్పటి చాలా కార్లలో వేడి కూలెంట్‌ని థ్రాటిల్ చుట్టూ తిప్పుతారు.

మరి పొడిమంచు పట్టేస్తే ఏం చెయ్యాలి? ఇంజన్ ఆపెయ్యాలి. బానెట్ ఎత్తి, గాలి గొట్టం మూతి దగ్గర మంచుని చేత్తోనో మెత్తటి బ్రష్‌తోనో తియ్యాలి. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, చలికి ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. తర్వాత డబ్బా క్లిప్పులు విప్పి ఫిల్టర్ తీసి, మెల్లగా తట్టి దులపాలి. తడిసిపోతే ఇంట్లో ఆరబెట్టాలి, లేదా కొత్తది వెయ్యాలి. డబ్బా అడుగున మిగిలిన మంచు కూడా తుడిచెయ్యాలి. వేడినీళ్ళు మాత్రం పొయ్యొద్దు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. సిలిండర్‌లోకి ఎక్కువ నీళ్ళు వెళ్తే లోపలి కనెక్టింగ్ రాడ్డే వంగిపోవచ్చు. లైటర్ వెలిగించే ఆలోచన అసలే వద్దు, అక్కడ పెట్రోలు ఆవిరి ఉండొచ్చు. మళ్ళీ పట్టకుండా ఉండాలంటే కారు ముక్కుని గాలికి ఎదురుగా కాకుండా గోడ వైపు పెట్టి పార్క్ చెయ్యడం మంచిది.

నడుస్తుండగా థ్రాటిల్ బిగుసుకుపోయి, కాలు తీసినా వేగం తగ్గకపోతే, న్యూట్రల్‌లో వేసి బ్రేక్ గట్టిగా నొక్కి పక్కకి ఆపాలి. బండి ఆగాకే ఇంజన్ ఆపాలి.

అసలు ఇదంతా రాయడానికి కారణం వేరే ఉంది. ఆ రోజు పెద్దాయన ఫిల్టర్ ముట్టుకోకముందు కారు వెనక్కి వెళ్ళి, మంచులో కూరుకుపోయిన సైలెన్సర్ గొట్టాన్ని పారతో తవ్వాడు. అక్క అప్పటిదాకా హీటర్ వేసుకుని కారులో కూర్చుందామనుకుంటోంది. ఇంజన్‌కి గాలి అందకపోతే బండి ఆగుతుంది, అంతే. పొగ బయటికి పోకపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

మనలో సగం మంది ఫైనల్ ఇయర్ అయ్యాక అటువైపు వెళ్ళేవాళ్ళమే. జీఆర్ఈ పదాల లిస్టులో ఇది ఉండదు. ముందు వెనక గొట్టం, తర్వాతే ముందు గొట్టం. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ఇప్పటికే వెళ్ళిన మీ అక్కకో అన్నకో కూడా చెప్పండి.