ఫోను నిండా 'శుభోదయా'లు.. పంట ఫొటోకు చోటేదీ?

కోసి పనలు వేసిన వరి చేలో మోకాలి లోతు నీరు. రైతు గట్టు మీద నిలబడి జేబులోంచి ఫోను తీశాడు. తడిసిన పనలను ఫొటో తీసి ఉంచుకుంటే నష్టం రాయడానికి వచ్చినప్పుడు అక్కరకు వస్తుందని ఊళ్లో చెప్పుకుంటున్నారు. కెమెరా తెరిచాడు. చేను కనిపించాల్సిన చోట ఇంగ్లీషులో ఒక ముక్క ప్రత్యక్షమైంది. 'స్టోరేజ్ ఫుల్' అని. ఫోనులో ఖాళీ లేదన్నమాట. ఒకటికి రెండుసార్లు నొక్కి, ఫోను మళ్లీ జేబులో వేసుకుని ఇంటిదారి పట్టాడు. నీరు దిగాక తీసిన ఫొటోలో నీరు ఉండదు కదా!

ఇటువంటి దృశ్యం పల్లెల్లో వింతేమీ కాదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు, 2025 అక్టోబరు 28 రాత్రి వచ్చిన మొంథా తుపానుకు కోస్తాలో వరి చేలు నీట మునిగాయి. అటువంటి వేళ రైతుకు చేతిలోని ఫోనే సాక్షి. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం కింద బీమా చేసిన పంటకు వడగళ్ల వల్లనో, ముంపు వల్లనో నష్టం జరిగితే 72 గంటల్లోగా తెలియజేయాలి. కోసి చేలో ఆరబెట్టిన పంట తడిసినా అదే గడువు. ఆ మూడు రోజుల్లో ఫోను మొరాయిస్తే రైతు ఎవరితో చెప్పుకోవాలి?

పి.ఎం. కిసాన్ సంగతీ అంతే. ఏడాదికి మూడు విడతలుగా వచ్చే 6,000 రూపాయలకు ఇ-కె.వై.సి. తప్పనిసరి. వేలిముద్రలు అరిగిపోయిన ముసలి రైతుల కోసం 2023 జూన్ నుంచి ముఖం చూపించి ఫోనులోనే ఇ-కె.వై.సి. పూర్తిచేసే వీలు కల్పించారు. అయితే అందుకు పి.ఎం. కిసాన్ యాప్‌తోపాటు ఆధార్ వారి ముఖ గుర్తింపు యాప్ కూడా ఫోనులో ఉండాలి. రెండు యాప్‌లకు చోటు లేని ఫోను పట్టుకుని మీ సేవకో, సచివాలయానికో తిరగాల్సి వస్తోంది. డబ్బు పంపే యాప్‌లు కూడా అప్పుడప్పుడు కొత్త రూపం తెచ్చుకోమంటాయి. చోటు లేకపోతే అదీ కుదరదు. ఎరువుల కొట్టు దగ్గర నలుగురిలో నిలబడి ఫోనును అటూ ఇటూ తిప్పాల్సిన పరిస్థితి.

ఎవరు ఆక్రమిస్తున్నారు?

ఫోను కొన్ననాడు డబ్బా మీద 32 జి.బి. అనో, 64 జి.బి. అనో ఉంటుంది. అదంతా వాడుకోవచ్చునని కొన్నవారి భ్రమ. ఫోను నడవడానికి కావాల్సిన ఆండ్రాయిడ్ సరంజామా, కంపెనీవాడు ముందే పెట్టి ఇచ్చిన యాప్‌లు కలిసి అందులో పెద్ద వాటానే తీసుకుంటాయి. 32 జి.బి. ఫోను కొన్నవాడికి సగానికి కాస్త ఎక్కువ మిగిలితే గొప్పే. ఇల్లు కొన్నాక వంటగది, అటక మనవి కావని చెప్పినట్టుంటుంది. దానికి ఎవరూ చేయగలిగింది లేదు.

చేయగలిగింది మిగిలిన భాగంలోనే. ముందుగా ఎక్కడ ఏముందో చూసుకోవాలి. ఫోనులో 'సెట్టింగ్స్'లోకి వెళ్లి 'స్టోరేజ్' అన్నది నొక్కితే ఫొటోలు ఇంత, వీడియోలు ఇంత, యాప్‌లు ఇంత అని లెక్క కనిపిస్తుంది. చాలామంది ఈ పేజీని ఒక్కసారి కూడా తెరిచి ఉండరు. తెరిస్తే, ఊహించని చోట బస్తాలు పేర్చి ఉన్నట్టు తెలుస్తుంది.

ఆ బస్తాల్లో అధిక భాగం వాట్సాప్‌వే. తెల్లవారక ముందే గులాబీ పువ్వు, పక్కన దేవుడి బొమ్మ, కింద 'శుభోదయం'. అదే బొమ్మ బంధువుల గ్రూపులో ఒకటి, కులపెద్దల గ్రూపులో మరొకటి, చిన్ననాటి బడి గ్రూపులో ఇంకొకటి. ఒక్క బొమ్మ బరువు కొంచెమే. రోజుకు ఇరవై చొప్పున ఏడాది తిరిగేసరికి 7,300 అవుతాయి. వాటి వెంట పెళ్లి వీడియోలు, జాతర వీడియోలు, నాటు వైద్యాలు, రాజకీయ ప్రసంగాలు. చూడకపోయినా సరే, వచ్చినవన్నీ ఫోను తనంతట తానే దింపుకుని దాచిపెడుతుంది.

ఈ శుభోదయాల గోల సముద్రాలు దాటింది. 2018 జనవరిలో అమెరికా పత్రిక 'వాల్ స్ట్రీట్ జర్నల్' దీనిపై ఒక కథనమే ప్రచురించింది. భారతీయుల ఫోన్లు ఇంత త్వరగా ఎందుకు నిండిపోతున్నాయని గూగుల్ పరిశోధకులు ఆరా తీస్తే గుడ్ మార్నింగ్ బొమ్మలు బయటపడ్డాయట. అమెరికాలో పదిమందిలో ఒకరి ఫోను నిండిపోతుంటే, ఇండియాలో ముగ్గురిలో ఒకరికి నిత్యం ఇదే బాధ అని ఆ కథనం చెప్పింది. అంతకు నెల ముందే, 2017 డిసెంబరులో, గూగుల్ సంస్థ ఢిల్లీలో 'ఫైల్స్ గో' అనే యాప్‌ను విడుదల చేసింది. ఇటువంటి బొమ్మలను ఏరి చూపించి తుడిపించడం దాని పనుల్లో ఒకటి. ఇప్పుడు దాని పేరు 'ఫైల్స్ బై గూగుల్'. చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. డబ్బు కట్టనక్కర లేదు.

వాట్సాప్‌లోనే తాళంచెవి

ఫోను ఖాళీ చేయడానికి బయటి యాప్ లేకున్నా ఫర్వాలేదు. వాట్సాప్‌లోనే ఆ ఏర్పాటు ఉంది. పై మూలనున్న మూడు చుక్కలు నొక్కి 'సెట్టింగ్స్'లోకి, అక్కడ 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి, అందులో 'మేనేజ్ స్టోరేజ్'లోకి వెళ్లాలి. 5 ఎం.బి. కంటే పెద్దవన్నీ ఒకచోట, పదేపదే చేతులు మారి వచ్చినవన్నీ మరొకచోట కుప్ప పోసినట్టు కనిపిస్తాయి. వాటి కింద ఏ గ్రూపు ఎంత చోటు తింటున్నదీ పెద్దది మొదలు వరుసగా ఉంటుంది. ఎప్పుడూ నోరు విప్పని ఏదో గ్రూపు అగ్రస్థానంలో కనిపించి ఆశ్చర్యపరచడం ఖాయం. పెద్ద వీడియోలతో మొదలుపెడితే పది నిమిషాల్లో ఫోను తేలికపడుతుంది. వేయి గులాబీలు తుడవడం కన్నా ఒక పెళ్లి వీడియో తుడవడం మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాట్సాప్ లోపలి నుంచి తుడిచినదాన్ని మళ్లీ తెచ్చుకోవడం కష్టం. 'అన్నీ' అని ఒక్క దెబ్బతో గుర్తు పెట్టేముందు మనవడి మొదటి అడుగుల వీడియో, పొలం సర్వే కాగితం అందులో ఉన్నాయేమో చూసుకోవాలి. ముఖ్యంగా చనిపోయినవారి గొంతు. దుబాయిలోనో, హైదరాబాదులోనో ఉండే కొడుకుకు తల్లి పంపిన వాయిస్ మెసేజీలు కొన్ని కిలోబైట్లు మాత్రమే ఉంటాయి. వాటిని తుడిస్తే మిగిలే చోటు లేదు, పోయేది మాత్రం తిరిగిరాదు.

మళ్లీ నిండకుండా ఉండాలంటే అదే 'స్టోరేజ్ అండ్ డేటా' పేజీలో కింద 'మీడియా ఆటో డౌన్‌లోడ్' ఉంటుంది. మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ అని మూడు వరుసలు. వాటిలో ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్ల ముందున్న టిక్కులు తీసేస్తే కావాలని నొక్కిందే దిగుతుంది. రోజువారీ డేటా కూడా ఆదా అవుతుంది. కూర్చుని చేసే పనులన్నింటిలో ఇదొక్కటి చేసినా చాలు.

తుడిచినా ఖాళీ కావడం లేదు!

'నిన్న రాత్రి రెండు వందల ఫొటోలు తీసేశాను. పొద్దున్న చూస్తే అంతే ఉంది' అని విసుక్కునేవారు చాలామంది. ఇందులో ఫోను తప్పు లేదు. గ్యాలరీలో తుడిచిన ఫొటో వెంటనే పోదు. ఇంట్లో ఊడ్చిన చెత్త పెంటపోగుకు చేరకుండా తలుపు మూల బుట్టలో ఉన్నట్టు, అది 'ట్రాష్' లేదా 'బిన్' అనే బుట్టలో కూర్చుంటుంది. చాలా ఫోన్లలో 30 రోజులు. గూగుల్ ఫొటోస్‌లో దాచుకున్నవైతే 60 రోజులు. అన్ని రోజులూ ఆ చోటు ఆక్రమణలోనే ఉంటుంది. పొరపాటున తుడిచినవారికి ఈ బుట్ట దేవుడు. తొందరలో ఉన్నవారు మాత్రం బుట్ట తెరిచి, ఒకసారి పైకీ కిందకీ చూసి, ఖాళీ చేయాలి.

అంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు మరొకటి ఉంది. గూగుల్ ఫొటోస్‌లో ఫొటోలు ఇంటర్నెట్‌లో భద్రంగా ఉన్నాయి కదా అనుకుని, అదే యాప్‌లో ఫొటోలను గుర్తించి 'డిలీట్' నొక్కుతారు. అలా చేస్తే ఫోనులోనిదీ, ఇంటర్నెట్‌లోనిదీ రెండూ పోతాయి. చోటు కావాలంటే నొక్కాల్సింది 'ఫ్రీ అప్ స్పేస్' అన్నది. అది పైన భద్రమైనవాటిని మాత్రమే ఫోనులోంచి తొలగిస్తుంది. రెండు మాటలూ చూడడానికి అన్నదమ్ముల్లా ఉన్నా చేసే పని వేరు. ఈ తేడా తెలియక పిల్లల చిన్ననాటి ఫొటోలు పోగొట్టుకున్న తల్లులు ఉన్నారు.

ఇంటర్నెట్‌లోని ఆ గిడ్డంగి కూడా అంతులేనిది కాదు. ఒక్కో గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చేది 15 జి.బి. ఫొటోలు, జీమెయిల్, డ్రైవ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1కి ముందు సాధారణ నాణ్యత ఫొటోలకు లెక్కే లేకపోయేది. ఆ రోజులు పోయాయి. 2024 నుంచి వాట్సాప్ బ్యాకప్‌ను కూడా అందులోనే లెక్కకడుతున్నారు.

అసలు ఖాతా ఎవరిది అన్నది మరో చిక్కు. పల్లెల్లో చాలా ఫోన్లకు జీమెయిల్ ఖాతా కొట్టులోని కుర్రాడే తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్ ఏమిటో కొన్నవారికి తెలియదు, ఇచ్చినవాడికి గుర్తుండదు. ఫోను పోతే పైన దాచిన ఫొటోలకు దారే ఉండదు. పాస్‌వర్డ్ కొత్తది పెట్టించుకుని బీరువాలో పాసు పుస్తకం పక్కన రాసి ఉంచుకోవడం ఉత్తమం.

కాష్ వేరు, డేటా వేరు

యాప్‌ల విషయానికొస్తే, ప్రతి యాప్ పేజీలోనూ 'క్లియర్ కాష్', 'క్లియర్ డేటా' అని రెండు మీటలు ఉంటాయి. మొదటిది తాత్కాలిక సామానును మాత్రమే తీసేస్తుంది. భయం లేదు. రెండోది నొక్కితే ఆ యాప్ కొత్తగా పెట్టినట్టు అవుతుంది. డబ్బు పంపే యాప్‌కు అలా చేస్తే మళ్లీ సిమ్ నుంచి మెసేజీ పంపి మొదటి నుంచి రిజిస్టరు కావాలి. వాట్సాప్‌కు చేస్తే, బ్యాకప్ లేనివారి మాటామంతీ అంతా గంగలో కలిసినట్టే. కొన్ని కొత్త ఫోన్లలో ఈ రెండో మీటను 'క్లియర్ స్టోరేజ్' అంటున్నారు. చోటు కోసం వెతికేవాడు ఆ పేరు చూసి ముందుగా దాన్నే నొక్కుతాడు. ఎవరు పెట్టారో గాని, మంచి పేరు కాదు.

నెలల తరబడి తెరవని ఆటలు, సినిమా యాప్‌లు ఉంటే నిరభ్యంతరంగా తీసేయవచ్చు. సినిమా యాప్‌లలోను, యూట్యూబ్‌లోను దింపుకుని చూసేసిన సినిమాలూ అంతే. కెమెరా సెట్టింగ్స్‌లో వీడియో నాణ్యత '4కె' అని ఉంటే తగ్గించుకోవాలి. దాంతో ఒక్క నిమిషం తీస్తే 300 ఎం.బి. దాటవచ్చు. మెమరీ కార్డు పట్టే ఫోనైతే ఫొటోలను కార్డులోకి మార్చుకోవచ్చు. లేదంటే ఓ.టి.జి. ముక్క పెట్టి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు. సంతలో చవగ్గా దొరికే కార్డుల జోలికి పోకుండా ఉంటే మంచిది.

డౌన్‌లోడ్స్‌లో దొంగ

చివరగా చూడాల్సింది, నిజానికి అందరూ ముందుగా చూడాల్సింది, 'డౌన్‌లోడ్స్' అనే అర. అడంగల్, 1-బి, కరెంటు బిల్లు, హాల్ టికెట్, ఆధార్. ఒక్కొక్కటి నాలుగైదు ప్రతులు. ఆధార్ వంటివి కావాల్సినప్పుడు మళ్లీ దింపుకోవచ్చు. డిజీలాకర్‌లో ఉంచుకుంటే ఫోనులో చోటు అక్కర్లేదు, అక్కడ జారీ అయిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంది.

ఆ కాగితాల మధ్య చివర 'ఏపీకే' అనే అక్షరాలున్న ఫైలు కనిపిస్తే ఆగి చూడాలి. పి.ఎం. కిసాన్ పేరిట, ఆర్.టి.వో. చలానా పేరిట, బ్యాంకు పేరిట ఇటువంటి నకిలీ ఫైళ్లు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. నొక్కి ఎక్కించుకుంటే ఫోనుకు వచ్చే ఓటీపీలు దొంగల పాలవుతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. 'మీ ఫోను నిండిపోయింది, శుభ్రం చేస్తాం' అని ప్రకటనలిచ్చే క్లీనర్ యాప్‌లూ నమ్మదగ్గవి కావు. చోటు ఖాళీ చేస్తామని వచ్చి తామే చోటు ఆక్రమించి, తెర నిండా ప్రకటనలు కుమ్మరించేవే వాటిలో ఎక్కువ.

ఏపీకే ఫైలు ఇంకా నొక్కకపోతే తుడిచేస్తే సరి. ఇప్పటికే ఎక్కించి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపివేయించాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే వేరే ఫోను నుంచి 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.